త్రాసుకు అందని విలువ: పాత బంగారు నాణేల ధరపై ఒక పరిశీలన

కాసులపేరు తెగినప్పుడో, ఇంట్లో పెళ్లికి కొత్త నగ చేయించాల్సి వచ్చినప్పుడో బీరువా అడుగున ఉన్న పాత కాసులు కంసాలి దుకాణానికి చేరతాయి. అక్కడ వాటిని అడిగే ప్రశ్నలు రెండే: బరువెంత, వన్నె ఎంత? గీటురాయి మీద ఒక గీత, త్రాసులో ఒక తూకం, ఆ రోజు ధరతో ఒక గుణకారం, అందులోంచి తరుగు తీసివేత. అంతటితో లెక్క ముగుస్తుంది. చాలా కాసుల విషయంలో ఈ లెక్క సరైనదే. కొన్నింటి విషయంలో మాత్రం పూర్తిగా తప్పు. ఒకే బరువు, ఒకే వన్నె, ఒకే బొమ్మ ఉన్న రెండు నాణేల్లో ఒకటి బంగారం ధరకు అటూ ఇటుగా అమ్ముడుపోతుంది. రెండోది దానికి వేల రెట్లు పలుకుతుంది. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తోంది? 'పాతది కాబట్టి' అన్నది మనకు వెంటనే తోచే జవాబు. ఆధారాలు ఆ జవాబును బలపరచడం లేదు.

ఈ పరిశీలనకు మూడు రకాల ఆధారాలు తీసుకున్నాను. మొదటివి టంకశాలల రికార్డులు. ఏ ఏడాది ఎన్ని నాణేలు అచ్చయ్యాయో అవి చెబుతాయి, ఎన్ని మిగిలాయో చెప్పవు. రెండోవి దొరికిన నిధుల లెక్కలు. మిగిలినవెన్నో వీటి నుంచి కొంత ఊహించవచ్చు గానీ, దొరికీ దొరకగానే కొలిమిలోకి వెళ్లిన నాణేలు వీటిలో ఉండవు. మూడోవి బహిరంగ వేలంలో పలికిన ధరలు. నిజంగా చేతులు మారిన సొమ్ము కాబట్టి ఇవి అంచనాల కన్నా నమ్మదగినవి. అయితే పత్రికలకెక్కేవి రికార్డు ధరలే. మామూలు ధరకు పోయినవి, ఎవరూ పాడక వెనక్కి వెళ్లినవి వార్తలు కావు. ఆ రికార్డులను చూసి మన ఇంట్లో కాసుకు వెల కట్టుకోవడం, లాటరీ తగిలినవాణ్ణి చూసి చేతిలోని టిక్కెట్టుకు వెల కట్టుకోవడం లాంటిది. ఈ జాగ్రత్తతోనే ముందుకు వెళదాం.

ఒకే బంగారం, రెండు ధరలు

అమెరికా 20 డాలర్ల బంగారు నాణేన్ని డబుల్ ఈగిల్ అంటారు. బరువు 33.436 గ్రాములు. అందులో 90 శాతం బంగారం, అంటే మేలిమి 30 గ్రాములకు పైగా ఉంటుంది. శిల్పి ఆగస్టస్ సెయింట్ గాడెన్స్ రూపకల్పన చేసిన రకం 1907 నుంచి 1933 వరకు అచ్చయింది. వీటిలో ఫిలడెల్ఫియా టంకశాల 1924లో వేసినవి 43 లక్షలకు పైగా ఉన్నాయి. ఆ ఏటి నాణెం ఈనాటికీ సులువుగా దొరుకుతుంది, దాని ధర బంగారం ధరను పెద్దగా దాటదు.

అదే టంకశాల 1933లో అదే అచ్చుతో, అదే బంగారంతో 4,45,500 నాణేలు వేసింది. కానీ ఆ ఏడాది ఏప్రిల్ 5న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రజల దగ్గరున్న బంగారాన్ని ప్రభుత్వానికి అప్పగించాలని ఉత్తర్వు ఇచ్చాడు. 1933 నాణేలను అధికారికంగా చలామణీలోకి విడుదల చేయలేదు. రెండింటిని స్మిత్‌సోనియన్ సంస్థకు ఇచ్చి, మిగతావాటిని 1937 నాటికి కరిగించారు. కొన్ని మాత్రం టంకశాల దాటి బయటికి వచ్చాయి. అందులో ఒకటి ఎగుమతి అనుమతితో ఈజిప్టు రాజు ఫరూక్ సేకరణకు చేరింది. దశాబ్దాల తర్వాత 1996లో అది న్యూయార్క్‌లో పట్టుబడింది. చివరికి ప్రభుత్వానికీ స్వాధీనదారుకూ కుదిరిన రాజీ ప్రకారం 2002 జులైలో దాన్ని వేలం వేస్తే 75.9 లక్షల డాలర్లు పలికింది. 2021 జూన్‌లో మళ్లీ వేలానికి వచ్చి దాదాపు 1.89 కోట్ల డాలర్లకు పోయింది. ఆ రోజుల్లో ఔన్సు బంగారం, అంటే 31.1 గ్రాములు, సుమారు 1,900 డాలర్లు. ఆ లెక్కన నాణెంలోని లోహం విలువ 1,850 డాలర్లు కూడా లేదు. పలికిన ధర దానికి పది వేల రెట్లు.

వయసే కారణమైతే 1924 నాణెం తొమ్మిదేళ్లు పెద్దది, దానికే ఎక్కువ రావాలి. కారణం వయసు కాదు, అరుదుగా ఉండటం అందామా? అది కూడా సగం జవాబే. 2005 ప్రాంతంలో ఇదే ఏటి నాణేలు మరో పది బయటపడ్డాయి. సుదీర్ఘంగా నడిచిన వ్యాజ్యంలో న్యాయస్థానాలు అవి ప్రభుత్వ ఆస్తేనని తేల్చాయి. కాబట్టి ఆ పదికీ మార్కెట్లో ధర లేదు. ఫరూక్ నాణెం మీద హక్కును మాత్రం ప్రభుత్వం పత్రంతో సహా అంగీకరించింది. 2002లో ఆ నాణేన్ని చట్టబద్ధమైన ద్రవ్యంగా మార్చేందుకు కొన్నవారి దగ్గర అదనంగా 20 డాలర్లు కట్టించుకున్నారు కూడా. అక్కడ అమ్ముడుపోయింది బంగారం కాదు, కేవలం అరుదుతనమూ కాదు. చట్టం ముందు రుజువైన ఒక గుర్తింపు అమ్ముడుపోయింది.

ఇక్కడ గమనించవలసిన మరో ఆధారం రూజ్‌వెల్ట్ ఉత్తర్వులోనే ఉంది. అరుదైన నాణేలు సేకరించేవారి దృష్టిలో ప్రత్యేక విలువ ఉన్నట్టు గుర్తింపు పొందిన బంగారు నాణేలకు అది మినహాయింపు ఇచ్చింది. దేశమంతటి బంగారాన్ని తూకం లెక్కన సేకరించబోయిన ప్రభుత్వం కూడా, కొన్ని నాణేలను తూకం లెక్కలో చూడకూడదని ముందే ఒప్పుకుంది.

అచ్చయినవి వేరు, మిగిలినవి వేరు

బ్రిటిష్ సావరిన్ మన ఇళ్లకు దగ్గరి నాణెం. దాని బరువు 7.988 గ్రాములు, 22 క్యారట్లు. అందులో మేలిమి 7.32 గ్రాములు. మన దగ్గర కాసు అంటే ఎనిమిది గ్రాములనే వాడుక లెక్క దీని బరువుకు దాదాపు సరిపోతుంది.

లండన్ టంకశాల 1917లో పది లక్షలకు పైగా సావరిన్లు అచ్చు వేసింది. ఈ సంఖ్య ఒక్కటే చూస్తే ఆ నాణెం సులువుగా దొరకాలి. నిజానికి ఇరవయ్యో శతాబ్దపు సావరిన్లలో అత్యంత అరుదైనవాటిలో ఇదొకటి. మొదటి ప్రపంచయుద్ధపు చెల్లింపుల కోసం వాటిలో చాలా భాగం అమెరికాకు వెళ్లి అక్కడ కరిగిపోయిందని నాణేల చరిత్రకారులు చెబుతారు. అదే ఏడాది ఆస్ట్రేలియాలోని సిడ్నీ, పెర్త్ టంకశాలలు వేసిన సావరిన్లు మాత్రం ఇప్పటికీ మామూలుగా దొరుకుతున్నాయి. ఒకే రాజు తల, ఒకే గుర్రపురౌతు బొమ్మ, ఒకే తూకం. తేదీకి పైన నేలగీత మీద ఉండే చిన్న అక్షరమే తేడా. సిడ్నీదైతే 'ఎస్', పెర్త్‌దైతే 'పి', లండన్‌దైతే ఏ అక్షరమూ ఉండదు. కంటికి ఆనీ ఆనని ఆ అక్షరం దగ్గర ధర ఎన్నో రెట్లు మారిపోతుంది. అందుకే 1917 లండన్ సావరిన్‌కు నకిలీలు కూడా ఎక్కువ.

భారతదేశానికీ ఈ వరుసలో ఒక అక్షరం ఉంది. యుద్ధకాలపు అవసరం కొద్దీ 1918లో బొంబాయిలో లండన్ టంకశాలకు, అంటే రాయల్ మింట్‌కు, ఒక శాఖ పనిచేసింది. అక్కడ ఆ ఏటి తేదీతో సుమారు 13 లక్షల సావరిన్లు 'ఐ' అనే గుర్తుతో అచ్చయ్యాయి. అదే ఏడాది అదే కొలతలో 15 రూపాయల బంగారు మొహర్లు కూడా వేశారు. బొంబాయి సావరిన్ 1917 లండన్ నాణెమంత అరుదు కాదు. కానీ బ్రిటిష్ పాలనలో మన దేశంలో సావరిన్ అచ్చయింది ఈ ఒక్క తేదీతోనే కాబట్టి, దాని మీద ఆసక్తి చూపేవారు ఉన్నారు.

అరుదుతనం శాశ్వతం కాదనడానికి కూడా సాక్ష్యం ఉంది. కాలిఫోర్నియా బంగారంతో న్యూయార్క్ వెళ్తున్న ఎస్.ఎస్. సెంట్రల్ అమెరికా ఓడ 1857 సెప్టెంబరులో తుఫానుకు మునిగింది. 1988లో ఆ శిథిలాలను కనుగొన్నారు. శాన్ ఫ్రాన్సిస్కో టంకశాల 1857లో వేసిన డబుల్ ఈగిళ్లు అందులో ఐదు వేలకు పైగా, చాలావరకు చెక్కుచెదరని స్థితిలో దొరికాయి. అంతకుముందు ఆ ఏటి నాణెం చలామణీలో అరగకుండా దొరకడమే గగనం. ఆ తర్వాత ఆ కాలపు నాణేల్లో మంచి స్థితిలో ఎక్కువగా దొరికేది అదే అయింది. అయినా అవి లోహం ధరకు పడిపోలేదు. ఓడ పేరుతో ధ్రువీకరణ పొందిన ఆ నాణేలకు కథ తోడై, కొత్త కొనుగోలుదారులను తెచ్చింది. కాబట్టి ధర నిలబడేది మిగిలిన నాణేల సంఖ్య మీద మాత్రమే కాదు. వాటిని కోరుకునేవారి సంఖ్య కూడా దానికి ఎదురుగా నిలవాలి.

ఒక నిధిని తూచి చూస్తే

లోహం విలువకూ నాణెం విలువకూ మధ్య దూరాన్ని కొలవడానికి శాడిల్ రిడ్జ్ నిధి మంచి ఉదాహరణ. 2013లో కాలిఫోర్నియాలో తమ స్థలంలో కుక్కతో నడుస్తున్న దంపతులకు పాతిపెట్టిన రేకు డబ్బాల్లో 1,427 బంగారు నాణేలు దొరికాయి. అన్నీ 1847 నుంచి 1894 మధ్యవి. వాటి ముఖవిలువ మొత్తం 27,980 డాలర్లు. అప్పటి అమెరికా బంగారు నాణెంలో ఒక్కో డాలరుకు ఒకటిన్నర గ్రాముల మేలిమి ఉండేది. ఆ లెక్కన మొత్తం బంగారం 42 కిలోల చిల్లర. వార్త బయటికి వచ్చిన 2014 ఫిబ్రవరి నాటి ధరలో దాని విలువ సుమారు 18 లక్షల డాలర్లు. నిపుణులు నిధికి కట్టిన వెల దాదాపు కోటి డాలర్లు. అంటే లోహానికి అయిదు రెట్లకు పైగా.

ఇది అంచనాయే తప్ప మొత్తంగా పలికిన ధర కాదని గుర్తుంచుకుందాం. అయినా ఆ అంచనా లోపలి అమరిక ఎంతో చెబుతుంది. ఒక్క నాణేనికే దాదాపు పది లక్షల డాలర్ల విలువ కట్టారు. అది శాన్ ఫ్రాన్సిస్కోలో 1866లో అచ్చయిన డబుల్ ఈగిల్. ఆ ఏడాది నుంచి నాణెం మీద దైవాన్ని స్మరించే నినాదం చేర్చాలని నిర్ణయించారు. కొత్త అచ్చులు పడమటి తీరానికి చేరేలోగా అక్కడ పాత అచ్చుతోనే కొన్ని వేశారు. వాటిలో నినాదం లేదు. నిధి మొత్తం విలువలో పదో వంతు ఒకే నాణెం మోసింది. మిగతా 1,426 నాణేలు కూడా విలువను సమానంగా పంచుకోలేదు. మట్టిలో ఏళ్ల తరబడి ఉన్నా, వాటిలో చాలావరకు చేతులు మారి అరిగిపోయినవి కావు. అచ్చు తాజాదనం పోని నాణేలకే ఎక్కువ వెల కట్టారు.

స్థితిని కొలవడానికి ఈనాడు ఒకటి నుంచి 70 వరకు అంకెల కొలమానం వాడుతున్నారు. విలియం షెల్డన్ 1949లో అమెరికా పాత రాగి నాణేల కోసం తయారుచేసిన పద్ధతి అది. 1980ల ద్వితీయార్ధంలో పుట్టిన ధ్రువీకరణ సంస్థలు నాణేన్ని పరిశీలించి, అంకె వేసి, పారదర్శకమైన పెట్టెలో మూసి ముద్ర వేయడం మొదలుపెట్టాయి. అరుదైన నాణేలకు ఒక్క అంకె తేడా ధరను ఎంతో మార్చగలదు. బంగారం మాత్రం ఒక్క మిల్లీగ్రాము కూడా మారదు.

నకిలీ నాణేలు ఇచ్చిన సాక్ష్యం

నకిలీ నాణెమంటే బంగారం తగ్గించి, రాగి కలిపి చేసేదని అనుకుంటాం. సావరిన్ చరిత్రలో దీనికి విరుద్ధమైన ఘట్టం ఉంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత సావరిన్లకు అనేక దేశాల్లో విపరీతమైన గిరాకీ ఏర్పడింది. లండన్‌లో మాత్రం వాటి మామూలు అచ్చు ఎప్పుడో ఆగిపోయింది. దాంతో సావరిన్ ధర అందులోని బంగారం ధరను బాగా దాటింది. 1950ల ఆరంభంలో ఇటలీలోని మిలాన్‌లో జోస్ బెరాహా అనే వ్యక్తి పూర్తి బరువు, పూర్తి వన్నె ఉన్న బంగారంతో సావరిన్లు అచ్చు వేయించి అమ్మాడు. బంగారంలో పైసా మోసం లేదు, అతని లాభమంతా నాణెం రూపంలోనే ఉంది. అతన్ని అప్పగించమని కోరినప్పుడు, సావరిన్ వాడుకలో ఉన్న ద్రవ్యం కాదన్న కారణంతో స్విట్జర్లాండ్ న్యాయస్థానం నిరాకరించింది. 1957లో రాయల్ మింట్ సావరిన్ల అచ్చును మళ్లీ మొదలుపెట్టడానికి, ఈ నకిలీలను అరికట్టి ఆ అదనపు ధరను దించడం ఒక కారణం.

ఈ ఘట్టం నుంచి జాగ్రత్తగా ఒక నిర్ణయానికి రావచ్చు. లోహాన్ని మించిన ధరలో రెండు పొరలున్నాయి. ఒకటి నమ్మకానిది: బరువు, వన్నె మళ్లీ పరీక్షించనక్కరలేని నాణెమని అందరూ ఒప్పుకోవడం. ఇది చిన్నది, సరఫరా పెరిగితే తగ్గిపోతుంది. రెండోది సేకరణదారులది: ఇలాంటిది ఇంకొకటి దొరకడం కష్టమని రుజువు కావడం. ఇది చాలా పెద్దది కాగలదు, కానీ కొద్ది నాణేలకే ఉంటుంది. మామూలు ఏళ్ల సావరిన్లకు మొదటి పొరే ఉంటుంది. 1917 లండన్ నాణేనికి రెండూ ఉంటాయి.

మన నేల నాణేలు

తెలుగు నేలకు సంబంధించిన ఉదాహరణలు ఈ వాదానికి మరింత లోతు ఇస్తాయి. నన్నయ చేత మహాభారతాన్ని తెలుగు చేయించిన రాజరాజ నరేంద్రుడు (1022–1061) బంగారు నాణేలు వేయించాడు. పలుచని రేకు లాంటి ఆ నాణెం మధ్యలో తూర్పు చాళుక్యుల లాంఛనమైన వరాహం ఉంటుంది. చుట్టూ విడివిడి ముద్రలతో కొట్టిన అక్షరాల్లో రాజు పేరు, పాలనా సంవత్సరం ఉంటాయి. ఆయనకు ముందు శక్తివర్మ (1000–1011) వేయించిన ఈ రకం నాణేలు సముద్రం దాటి బర్మాలోని అరకాన్ తీరంలోనూ, సయాంలోనూ దొరికాయి. గోదావరి ఒడ్డున ధవళేశ్వరం నిధిలో తూర్పు చాళుక్య, చోళ బంగారు నాణేలు కలిసి దొరికాయి. గ్రాముల్లో తూచితే వీటిలో ఒక్కోటి చిన్న ఉంగరానికి మించి రాదు. కానీ ఒక్కో నాణెం లిపికీ, తేదీకీ, సముద్ర వర్తకానికీ, రెండు రాజవంశాల బంధుత్వానికీ సాక్ష్యం.

విజయనగర వరహాలు ఇంకో పాఠం చెబుతాయి. కృష్ణదేవరాయల పేరున్న వరహా 3.4 గ్రాములకు అటూ ఇటుగా తూగుతుంది. దాని మీది బాలకృష్ణుడి రూపాన్ని ఆయన ఉదయగిరి విజయంతో ముడిపెట్టి చెప్పేవారు ఉన్నారు. సుమారు అయిదు వందల ఏళ్ల నాటివైనా ఇవి వేలం జాబితాల్లో తరచుగా కనిపిస్తాయి. అందువల్ల లోహం కన్నా ఎక్కువే పలికినా, వందేళ్లు కూడా నిండని 1933 డబుల్ ఈగిల్‌తో ఏ మాత్రం పోలికకు రావు. వయసు వాదం ఇక్కడ పూర్తిగా వీగిపోతుంది. దక్షిణాదిన విరివిగా చెలామణీ అయిన రూకలు, అంటే పణాలు, అర గ్రాము కూడా తూగవు. వాటికి లోహం మీద ఎన్నో రెట్ల ధర వచ్చిందని చెప్పినా, అసలు లోహమే అతి తక్కువ కాబట్టి ఆ రెట్లను చూసి మురిసిపోకూడదు.

మార్కెట్ ధరా, చరిత్ర విలువా ఒకటి కావని తమిళనాట పుదుక్కోట ప్రాంతంలో 1898లో దొరికిన నిధి చూపుతుంది. అందులోని 501 రోమన్ బంగారు నాణేల్లో అత్యధికం ఉలితో గాటు పెట్టినవి. సేకరణదారుకు గాటు ఒక లోపం, ధర తగ్గుతుంది. చరిత్రకారుడికి ఆ గాటే ముఖ్యం. రోమ్ చక్రవర్తి తలకు ఇక్కడ ద్రవ్యంగా మన్నన లేదనీ, నాణేన్ని బంగారంగానే చూశారనీ అది సూచిస్తుంది. దాని ఉద్దేశంపై పండితుల్లో వేర్వేరు అభిప్రాయాలున్నా, ఆ గాటు పెట్టిన చేయి కూడా ఒక దస్తావేజు రాసినట్టే.

నష్టం ఎలా ఉంటుందో రాజస్థాన్‌లోని బయానా చెబుతుంది. 1946లో అక్కడ పొలంలో గుప్తుల బంగారు నాణేల నిధి బయటపడింది. సంగతి అధికారులకు తెలిసేలోగా కొన్ని నాణేలు కరిగిపోయాయి. చేతికి చిక్కినవి 1,821. పండితుడు ఎ.ఎస్. అల్తేకర్ వాటిని వర్గీకరించి ప్రచురించినప్పుడు, అంతకుముందు తెలియని చక్రవిక్రమ రకం లాంటివి వెలుగులోకి వచ్చాయి. ఆ రకానికి చెందినది నిధిలో ఒక్కటే ఉంది. కరిగినవాటిలో ఇంకేమున్నాయో ఎవరూ చెప్పలేరు. వాటికి దక్కింది తూకం ధర మాత్రమే.

చట్టం గీసిన గీత

మన దేశంలో పాత నాణెం ధరను చట్టం కూడా నిర్ణయిస్తుంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగిన, పది రూపాయలకు మించిన విలువైన వస్తువు దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం వందేళ్లు దాటిన నాణేన్ని పురావస్తువుగా లెక్కిస్తుంది, ప్రైవేటు వ్యక్తులు దాన్ని విదేశాలకు ఎగుమతి చేయడాన్ని నిషేధిస్తుంది. దీని ఫలితం సూటిగా కనిపిస్తుంది: ఇక్కడున్న పాత నాణేనికి కొనేవారు దేశంలోపలే దొరకాలి. విదేశీ వేలం ధరలను చూపి ఇక్కడి నాణేనికి వెల కట్టడం అందుకే సరికాదు. ఎక్కడిదో చెప్పలేని నాణెం దగ్గర జాగ్రత్తపరుడైన కొనుగోలుదారు వెనకాడతాడు. తాతల నాటి రసీదో, పాత ఫొటోనో, పెట్టెలోని చీటీయో నాణెంతో పాటు ఉంటే అవి కూడా విలువలో భాగమే.

ఎదురు ఆధారాలు

ఇంతవరకు చెప్పినదాన్ని చదివి పాత నాణెం కొంటే లాభం ఖాయమని ఎవరైనా అనుకుంటే అది తప్పు. 1933 డబుల్ ఈగిల్ లెక్కనే మళ్లీ చూద్దాం. 2002లో ఔన్సు బంగారం 300 డాలర్ల పైచిలుకు. అప్పుడు నాణెం ధర లోహానికి సుమారు 25 వేల రెట్లు. 2021 నాటికి ఆ నిష్పత్తి పది వేల రెట్లకు దిగింది. ఆ పంతొమ్మిదేళ్లలో నాణెం ధర రెండున్నర రెట్లయితే, మామూలు బంగారం ఆరు రెట్లయింది. ప్రపంచంలోకెల్లా ప్రసిద్ధమైన నాణెం కూడా ఆ కాలంలో బంగారంతో పోటీపడి ఓడింది. ఒక్క నాణెంతో సూత్రం కట్టలేం గానీ, లోహం ధరా సేకరణ ధరా వేర్వేరు దారుల్లో నడుస్తాయని ఇది స్పష్టంగా చూపుతుంది.

ఇంట్లో కాసుల సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. కాసులపేర్లలోని కాసుల్లో చాలా వాటిని కంసాలులే లక్ష్మి బొమ్మతో చేశారు. అవి నాణేలు కావు. అసలు సావరినే అయినా పైన కొక్కెం కోసం టంకం పెడితే సేకరణదారుడి దృష్టిలో దెబ్బతిన్నట్టే. అమ్మమ్మ మెడలో ఉన్న కాసుకు ఇంటివాళ్లకున్న విలువ వేరు, మార్కెట్టు దాన్ని లెక్కించదు.

ఈ ఆధారాలన్నీ కలిపి చూస్తే నాకు తోచేది ఇది. బంగారం నాణేనికి అడుగున నేల లాంటిది, ధర దానికి పెద్దగా దిగువకు పోదు. ఆ పైన ఎంత ఎత్తుకు వెళ్తుందో నిర్ణయించేది రుజువు: ఏ టంకశాలది, ఏ ఏటిది, ఎన్ని మిగిలాయి, ఎవరి చేతుల మీదుగా వచ్చింది, అసలుదేనా. ఈ ప్రశ్నలకు జవాబులు నాణెం ఉపరితలం మీదే ఉంటాయి. అందుకే పైపొరకు తగిలే ప్రతి దెబ్బా విలువకు తగిలే దెబ్బ. కుంకుడు రసంలో నానబెట్టి బ్రష్షుతో రుద్దితే మెరుపు వస్తుంది గానీ, సన్నని గీతలు శాశ్వతంగా మిగులుతాయి. గీటురాయి మీద రాస్తే అంచు అరుగుతుంది. వన్నె తెలుసుకోవడానికి క్యారట్ మీటర్ ఉంది. గాలిలో ఒకసారి, నీళ్లలో ఒకసారి తూచినా సరిపోతుంది. రాగి కలిసిన 22 క్యారట్ల బంగారం నీటికన్నా పదిహేడున్నర రెట్లకు అటూ ఇటుగా తూగుతుంది. అయితే మిలాన్‌లో అచ్చయిన నకిలీలు ఈ పరీక్షలన్నీ నెగ్గుతాయి. అక్కడ అక్షరాల అంచులు, బొమ్మ లోతు చూసి చెప్పగల తెలిసిన కన్ను కావాలి.

కాబట్టి కంసాలి అడిగే రెండు ప్రశ్నల కన్నా ముందు మూడోది ఉండాలి: దీని మీద ఏముంది? రెండువైపులా వెలుతురులో పెట్టి ఫొటో తీయండి, తేదీ చదవండి, తేదీ పైన చిన్న అక్షరం ఉందేమో భూతద్దంతో చూడండి, పేరు తెలియని లిపి అయితే రాష్ట్ర పురావస్తు శాఖనో, మ్యూజియంనో అడగండి. నూటికి తొంభై సార్లు జవాబు 'ఇది మామూలు నాణెం' అనే వస్తుంది. అప్పుడు నిశ్చింతగా త్రాసులో వేయొచ్చు. కరిగించే పనిని వారం ఆపినందువల్ల పోయేదేమీ లేదు. బయానాలో ఆ వారం దొరకని నాణేల్లో ఏముందో మనకు ఇక ఎప్పటికీ తెలియదు.